కాదన్న మాట ఖరీదు

నేను తత్త్వశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. బళ్లారిలో బి.కాం. చదివి, బ్యాంకులో చేరి, ముప్పై ఏళ్లుగా ఇతరుల డబ్బు లెక్కలు చూస్తున్నవాణ్ణి. ధర్మాధర్మ విచారణ నాకు చేతనయిన విద్య కాదు. అయినా ఒక చిన్న సంగతి కొంతకాలంగా నన్ను వదలడం లేదు. లెక్క కుదరని రోజు సాయంత్రం క్యాషియరు ఇంటికి పోలేడు. పది రూపాయల తేడా ఉన్నా మళ్లీ మొదటినుంచి కూడుకుంటూ కూర్చుంటాడు. నా పరిస్థితీ అదే. ఆ తేడా ఎక్కడుందో పాఠకుల ఎదుట ఒకసారి కూడి చూద్దామని ఈ ప్రయత్నం.

మా అమ్మాయి, అల్లుడు జర్మనీలో మ్యూనిక్ నగరంలో ఉద్యోగాలు చేస్తున్నారు. 2024 సెప్టెంబరులో నాలుగు రోజులు సెలవు దొరికితే క్రొయేషియా దేశంలోని స్ప్లిట్ అనే ఊరికి వెళ్లివచ్చారు. ఏడ్రియాటిక్ సముద్రపు ఒడ్డున, రోమన్ చక్రవర్తి డయొక్లీషియన్ కట్టించుకున్న కోట గోడల మధ్య నేటికీ జనం కాపురముంటున్న ఊరు అది. ఆ దేశానికి చిన్నవీ పెద్దవీ కలిపి వెయ్యికి పైగా దీవులున్నాయి. మనుషులు నిలకడగా నివసించేవి మాత్రం యాభై దాకా ఉంటాయి. వాటిలో కొన్నింటిని చూపించడానికి స్పీడుబోట్లవాళ్లు అరపూట యాత్రలు నడుపుతారు. ఉదయం ఎక్కితే ద్ర్వెనిక్ దీవి పక్కనున్న నీలి మడుగు, షోల్టా దీవిలో ఒక పల్లె రేవు, ట్రొగీర్ పాత పట్నం చూపించి, మధ్యాహ్నానికి ఒడ్డున దింపుతారు.

వీళ్లు డబ్బు కట్టిన రోజున ఆకాశం నిర్మలంగా ఉందట. ఎండ కాస్తోంది. అయినా బోటు నడిపే మనిషి ‘ఈరోజు లేదు’ అన్నాడు. అక్కడి కొండల మీదనుంచి సముద్రం మీదికి ఉన్నట్టుండి దూకే ఈశాన్యపు గాలి ఒకటుంది, దాన్ని ‘బూరా’ అంటారు. అది లేచే సూచనలున్నాయట. మా అల్లుడు నచ్చజెప్పబోతే ఆ మనిషి వాదన కూడా పెట్టుకోలేదు. కావాలంటే డబ్బు వెనక్కి ఇస్తాం, లేదంటే రేపు రండి అన్నాడు. వీళ్లు సణుక్కుంటూ వెనక్కి వచ్చి మర్నాడు వెళ్లారు. ఈ కథ మా అమ్మాయి ఫోనులో చెప్పినప్పుడు నేను నవ్వి ఊరుకున్నాను. అందులో నాకు పాఠం ఉందని అప్పుడు తెలియదు.

దసరాకు వాళ్లు మనవరాలితో సహా బళ్లారి వచ్చారు. వియ్యంకులు కూడా హైదరాబాదు నుంచి వచ్చారు. వచ్చినవాళ్లకు హంపి చూపించకుండా పంపే బళ్లారి ఇల్లు ఉండదు గదా. 2021 దాకా హంపి మా జిల్లాలోనిదే. ఇప్పుడు విజయనగర జిల్లాలోకి పోయింది గాని మా మనసుల్లో ఇంకా పోలేదు. చిక్కల్లా ఏమిటంటే, ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలకు బళ్లారిలో దగ్గరి బంధువుల ఇంట్లో మాకందరికీ భోజనం. అంటే ఉన్నది అరపూట. ‘దానికేముంది నాన్నా, అరపూటలో మూడు దీవులు చూసినవాళ్లం’ అంది అమ్మాయి. నేనూ హుషారుగా ఒక పట్టిక తయారుచేశాను. ఏడున్నరకు విరూపాక్షుడు, ఎనిమిదిన్నరకు విఠలాలయం, రాతి రథం. అక్కణ్ణించి బుక్కసాగరం దగ్గరి వంతెన మీదుగా అవతలి గట్టున, కొప్పళ జిల్లాలో ఉన్న ఆనెగొంది. అక్కడ పుట్టి ఎక్కి నది మధ్యలోని నవబృందావనం. పదకొండున్నరకు తిరుగు ప్రయాణం. బ్యాంకు తనిఖీకి కూడా అంత కచ్చితంగా కార్యక్రమం వేసిన గుర్తు లేదు నాకు.

నవబృందావనం తుంగభద్ర నడిగడ్డ. తొమ్మిదిమంది మధ్వ యతుల బృందావనాలు అక్కడున్నాయి. కృష్ణదేవరాయలు గురువుగా కొలిచిన వ్యాసరాయలవారు 1539లో సిద్ధి పొందారు, ఆయన బృందావనమూ అందులో ఒకటి. నది మీద వంతెన పడినా ఆ గడ్డకు మాత్రం ఇప్పటికీ నీటి మీదనే పోవాలి.

మేం రేవు చేరేసరికి పదిన్నర. నది నిండుగా ఉంది. ఆ ఏడాది సంగతి మన ప్రాంతంవాళ్లకు చెప్పనక్కరలేదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాము 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయి, తాత్కాలిక గేటు దింపేదాకా వారంరోజులు నదీతీరమంతా బిక్కుబిక్కుమంటూ గడిపింది. ఆ తరువాత రెండు నెలలకు మేం వెళ్లాం. రేవులో ఒక్క పుట్టి ఉంది. దాని యజమాని అరవై దాటిన మనిషి. మమ్మల్ని కళ్లతోనే లెక్కపెట్టాడు. మనవరాలితో కలిపి ఏడుగురం.

‘నీళ్లు జోరు మీదుండాయి సామీ. నలుగురే. మిగిలినోళ్లను మళ్లొచ్చి తీసుకుపోతా’ అన్నాడు.

నేను గడియారం చూసుకున్నాను. రెండు తూర్లంటే పోనూ రానూ గంట ఎక్కువ. భోజనం దగ్గర పెద్దవాళ్లు ఎదురుచూస్తుంటారు. ‘ఏడుగురమే కదయ్యా, అందులో ఒకటి చిన్నపిల్ల. నీకు అలవాటే గదా. ఐదువందలు ఎక్కువ తీసుకో’ అన్నాను.

అతను నది వంక చూశాడు. పుట్టి వంక చూశాడు. తరువాత నా వంక చూశాడు. ‘మీరు చెప్తే సరే సామీ’ అన్నాడు.

అతని దగ్గర లైఫ్ జాకెట్లు నాలుగే ఉన్నాయి. ఆడవాళ్లకు, పిల్లకు ఇచ్చాం. పుట్టి ఎక్కినవారికి తెలుసు, అది తిన్నగా పోదు, తిరుగుతూ పోతుంది. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసువాడు డొమింగో పాయెజ్ కూడా ఈ మాటే రాశాడు. బుట్టల్లా గుండ్రంగా ఉంటాయి, లోపల బెత్తం, బయట తోలు, మిగతా పడవల్లా నేరుగా పోలేక ఎప్పుడూ చుట్టూ తిరుగుతూనే ఉంటాయని. తోలు పోయి ప్లాస్టిక్ పట్టా, తారు వచ్చాయి గాని తిరగడం మాత్రం మారలేదు. మామూలు రోజుల్లో అదొక సరదా. ఆనాడు నడినీటిలో పుట్టి నాలుగైదు చుట్లు గబగబా తిరిగింది. అంచు మీదుగా నీళ్లు లోపలికి వచ్చి మా పాదాలు తడిశాయి. నా భార్య మనవరాల్ని ఒళ్లోకి లాక్కుంది. వియ్యంకుడు కళ్లు మూసుకున్నాడు. పెద్దాయన మోకాళ్ల మీద లేచి తెడ్డు వేస్తున్నాడు. అతని మెడ నరాలు తాళ్లలా బిగుసుకున్నాయి. అతను ఏమీ అనలేదు. మేమూ ఏమీ అనలేదు.

గడ్డ చేరాం. వ్యాసరాయలవారి బృందావనం ముందు నిలబడి నేను గడియారం చూసుకున్నాను. పది నిమిషాల్లో ప్రదక్షిణం ముగించి అదే పుట్టిలో, అదే ఏడుగురం, వెనక్కి వచ్చాం. ఐదువందలు ఇచ్చాను. నమస్కారం పెట్టి తీసుకున్నాడు. రెండు కొట్టడానికి ఐదు నిమిషాలుండగా బళ్లారిలో విస్తళ్ల ముందు కూర్చున్నాం.

ఇంతే జరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. దారిలో కారులో మా అమ్మాయి మాత్రం ఒక మాటంది. ‘నాన్నా, అక్కడ పడవతను కాదంటే మేం నోరు మూసుకున్నాం. ఇక్కడ పెద్దాయన కాదంటే నువ్వు పర్సు తెరిచావు.’ కోపంగా అనలేదు. నిజానికి ఎక్కినవాళ్లలో తనూ ఒకతె. ఆ సంగతి తనే ఒప్పుకుంది. కాని ఆ మాట నా లెక్కలో తేడాగా మిగిలిపోయింది.

నన్ను నేను సమర్థించుకోవడానికి మూడు వాదాలు దొరికాయి. వాటిని ఒక్కొక్కటే పరీక్షించాను.

మొదటిది అందరూ అనేదే. ‘ఏమీ కాలేదు కదా!’ ఈ వాదానికి జవాబు నాకు బ్యాంకులోనే ఎప్పుడో దొరికింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పల్లె శాఖలో పనిచేస్తున్నప్పుడు, తెలిసినవారి మొహమాటానికి పోయి, స్థలం చూడకుండానే ఒక రైతుకు బావి అప్పు మంజూరు చేశాను. ఆయన బావి తవ్వించాడు, వాయిదా తప్పకుండా పైసలతో సహా కట్టాడు. అయినా తనిఖీకి వచ్చిన అధికారి ఆ కాగితాల మీద ఎర్రసిరాతో గీత పెట్టాడు. ‘అప్పు పూర్తిగా వసూలైంది గదండీ’ అన్నాను. ఆయన తల ఎత్తకుండానే, ‘వసూలు కావడం అతని మంచితనం. మంజూరు చేయడం మీ తప్పు. రెండూ వేర్వేరు పద్దులు’ అన్నాడు. అప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు అర్థమవుతోంది. మేం ఒడ్డు చేరడం పెద్దాయన చేతిసత్తువ. అతణ్ణి నీళ్లలోకి దించడం నా పని. అతని పద్దులోని జమను తెచ్చి నా పద్దులో రాసుకోవడానికి వీల్లేదు.

పైగా ‘ఏమీ కాలేదు’ అన్నమాట ఎంతవరకు నమ్మదగింది? డ్యాము గేటు గొలుసు డెబ్బై ఏళ్లు నిలిచింది. తెగిన రాత్రికి ముందురోజు అడిగినా ‘ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు’ అనే చెప్పగలిగేవాళ్లం. లోపల ఏ కొక్కెం అరిగిందో పైకి కనిపించదు. ఏమీ కాని రోజులన్నీ కలిసి మనకు భద్రతను ఇవ్వవు, ధైర్యాన్ని మాత్రమే ఇస్తాయి.

రెండో వాదం మరికొంచెం గట్టిది. ‘అతను ఒప్పుకున్నాడు. నేను బలవంతం చేయలేదు. డబ్బు ఇచ్చాను, అతనికి లాభమే.’ బి.కాం.లో వాణిజ్య శాసనం చదివినవాళ్లకు 1872 నాటి కాంట్రాక్టు చట్టం గుర్తుంటుంది. సమ్మతి స్వేచ్ఛగా ఉండాలంటే ఐదు దోషాలు ఉండకూడదు. బలవంతం, అనుచిత ప్రభావం, మోసం, తప్పుడు ప్రకటన, పొరపాటు. పరీక్షకోసం ఈ ఐదింటినీ కంఠస్థం చేశాను. ఇప్పుడు చూస్తే ఆ ఐదింటిలో ఆకలి లేదు. చట్టం దృష్టిలో పెద్దాయన ‘సరే’ నూటికి నూరుపాళ్లు స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతే. కాని అప్పు అవసరమైన మనిషి ఏ కాగితం మీదైనా ఎలా సంతకం పెడతాడో ముప్పై ఏళ్లుగా నా టేబులు ముందు చూస్తున్నాను. చదవడు. ‘ఎక్కడ పెట్టాల సార్?’ అని మాత్రమే అడుగుతాడు. ఒప్పుకోవడం వేరు, ఇష్టపడటం వేరు అని నాకంటే బాగా ఎవరికి తెలియాలి?

అతను మొదట అన్న మాట ‘నలుగురే’. అది అతని జ్ఞానం. ఆ నది, ఆ పుట్టి, ఆ రోజు గాలి, తన రెక్కల బలం, ఇవన్నీ కూడి చెప్పిన లెక్క. పాయెజ్ చూసిన పుట్లు పదిహేను ఇరవైమందిని మోసేవట. దాన్ని పట్టుకుని ఏడుగురు ఒక లెక్కా అనవచ్చు. కాని ఎంతమంది పడతారో చెప్పవలసింది పుస్తకం కాదు, తెడ్డు పట్టుకున్నవాడు. రెండోసారి అతను అన్న ‘సరే’ అతని జ్ఞానం కాదు, నా ఐదువందలు. నేను కొన్నది ప్రయాణాన్ని కాదు. దాని ధర వేరే ఉంది. నేను కొన్నది అతని ‘కాదు’ను.

మూడో వాదం నాకు చాలా ప్రియమైనది. ‘ఈ కాలమే తొందర కాలం, నేనొక్కణ్ణీ ఏం చేయను?’ మన విజయనగరానికి 1420 ప్రాంతంలో నికొలో కొంటి అనే ఇటలీ వర్తకుడు వచ్చాడు. తెలుగు తీయదనం గురించిన ఒక మాటను ఆయనకు అంటగట్టడం మనకు అలవాటు కాబట్టి పేరు పరిచితమే. ఆయన సొంత ఊరు వెనిస్ దగ్గరి కియోజా. అంటే మా అమ్మాయి అరపూట తిరిగిన ఆ ఏడ్రియాటిక్ సముద్రపు అంచునే, అవతలి ఒడ్డున. ఆయన కూడా దీవులు తిరిగినవాడే. సింహళం, సుమత్రా, జావా. ఇల్లు చేరేసరికి పాతికేళ్లు దాటింది. తిరిగి వెళ్లాక ఆయన చెప్పిన సంగతులను పోప్ కార్యదర్శి పోజో బ్రాచొలీని లాటిన్‌లో రాసిపెట్టాడు. అక్కడివాడు ఇక్కడికి రావడానికి ఒక యౌవనం ఖర్చయింది. ఇక్కడివాళ్లు అక్కడికి పోయి అరపూటలో చుట్టి వస్తున్నారు. ఈ పోలిక చెప్పి ‘పాతకాలమే మేలు’ అనడం సులభం. నేను అనను. తిరుగుదారిలో ఈజిప్టులో ఆయన భార్య, ఇద్దరు పిల్లలు తెగులుకు పోయారు. నెమ్మది దానంతటది పుణ్యం కాదు. ఏడాదికి పన్నెండు రోజులు సెలవు దొరికే మనిషి అరపూటలో మూడు దీవులు చూడాలనుకోవడం పాపమూ కాదు.

కాబట్టి తప్పు తొందరలో లేదు. ఆ తొందర ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుందన్న దాంట్లో ఉంది. స్ప్లిట్‌లో మావాళ్ల తొందరకు ఖర్చు పెట్రోలు, టిక్కెట్టు. గాలి లేచిన రోజున ఆ ఖర్చు మనిషి ప్రాణానికి పాకేది. అక్కడ బోటతను ఆపేశాడు. అతను మన పెద్దాయన కంటే ధర్మాత్ముడని నేను అనుకోవడం లేదు. డబ్బు వెనక్కి ఇచ్చినా ఆ రాత్రి అతని ఇంట పొయ్యి వెలుగుతుంది. అతని వెనక ఒక ఏర్పాటు ఉంది. కాదనగలగడం కూడా ఒక ఆస్తే. అది ఏ బ్యాలెన్సు షీటులోనూ కనిపించదు. మన పెద్దాయనకు జ్ఞానం ఉంది, నిజాయితీ ఉంది, అడగకముందే నలుగురని చెప్పాడు. లేనిది ఆ మాట మీద నిలబడే స్తోమత.

2019 సెప్టెంబరు 15న గండిపోచమ్మ దగ్గరనుంచి పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన పర్యాటకుల బోటు కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగింది. యాభైమంది దాకా పోయారు. ఐదు వారాల తరువాత కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం దాన్ని పైకి లాగింది. ఎవరి తప్పు ఎంతన్నది తేల్చడానికి నేనెవర్ని? నా ఆలోచన ఒక్కటే. ఆ ఉదయం ఆ ఒడ్డున ఎవరో ఒకరు, ఒక సరంగో, ఒక కుర్ర పనివాడో, ‘ఈరోజు వద్దు’ అని ఉంటే, ఆ మాట నిలబడేదా? సెలవు పెట్టుకుని, డబ్బు కట్టి, పిల్లల్ని తయారుచేసుకుని వచ్చినవాళ్లం. మనలో ఎంతమందిమి దాన్ని నిలబడనిచ్చేవాళ్లం? ఆ జనంలో నేను ఉంటే నా చెయ్యి ఎటు పోయేదో నాకు తెలుసు. ఆనెగొంది రేవులో పర్సు మీదికే పోయింది.

చట్టాలు రావాలి, తనిఖీలు జరగాలి, రేవుల్లో సరిపడా లైఫ్ జాకెట్లు ఉండాలి. నిజమే. అవి వచ్చేదాకా ఏమిటన్నది నా ప్రశ్న. నాకు తోచిన జవాబు చిన్నది. తనకంటే బలహీనుడు తెలిసి చెప్పిన ‘కాదు’ను డబ్బిచ్చి మార్పించకపోవడం. పుట్టివాడొక్కడే కాదు. రాత్రంతా నడిపి ‘ఒక గంట పడుకుంటా సార్’ అనే కారు డ్రైవరు, ‘జ్వరంగా ఉందమ్మా, రేపొస్తా’ అనే పనిమనిషి, ‘ఈ వైరు మీద లోడు పడదు’ అనే కరెంటు పనివాడు, వీళ్లంతా రోజూ మనతో ఒకసారి కాదంటారు. రెండోసారి అనరు. ఆ రెండోసారి దాకా తీసుకుపోకపోవడమే మర్యాద. సాయం చేయదలిస్తే ఆ ఐదువందలు రెండు తూర్లకు ఇవ్వవచ్చు. అప్పుడది అతని ‘నలుగురే’ అన్న మాటకు బలం. నేనిచ్చిన పద్ధతిలో అది దానికి ఉరి. అదే నోటు, అదే చెయ్యి.

సంక్రాంతి తరువాత ఒక ఆదివారం ఒక్కణ్ణే ఆనెగొంది వెళ్లాను. క్షమాపణ చెప్పాలనే వెళ్లాను గాని, ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. నీళ్లు తగ్గి రాళ్లు తేలాయి. పెద్దాయన రేవులోనే ఉన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. రోజూ నావంటివాళ్లు ఎంతమందో.

‘ఒక్కరేనా? ఒకరికోసం వేస్తే గిట్టదు సామీ. ఇంకో ముగ్గురు రానీ’ అన్నాడు.

నలుగురి డబ్బూ నేనే ఇస్తానన్న మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, రేవు మెట్ల మీద కూర్చున్నాను. ఎదుట గడ్డ, దాని మీద చెట్లు కనిపిస్తున్నాయి. పోయినసారి ఆ చెట్లు చూసిన గుర్తు లేదు. ముగ్గురు రావడానికి నలభై నిమిషాలు పట్టింది.